గ్రీన్ ఆపిల్ సెంటు తేడాగా వాసనొస్తోందా? ముందు ఉత్త చేతి మీద కొట్టి చూడండి

మా కొట్టుకి వాపసు వచ్చే సెంటు బాటిళ్లలో గ్రీన్ ఆపిల్ రకాలే ఎక్కువ. బాటిల్ టేబుల్ మీద పెట్టి అందరూ అనే మాట ఒకటే: "ఇది డూప్లికేట్ అక్కా." నేను అడిగేదీ ఒకటే: "ఉత్త చేతి మీద కొట్టి చూశారా?" చూసినవాళ్లు చాలా అరుదు. నెల్లూరులో పదహారేళ్లుగా సెంట్లు, అత్తర్లు అమ్ముతున్నాను. ఇన్నేళ్లయినా ఈ ప్రశ్న అడగడం తప్పట్లేదు. కావలి నుంచి, గూడూరు నుంచి బస్సెక్కి వచ్చి, ఇంట్లోనే తేలిపోయే విషయానికి ఒక పూటంతా పోగొట్టుకుంటున్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

పరీక్ష చాలా చిన్నది. స్నానం చేసి తుడుచుకున్నాక, చొక్కా వేసుకోకముందే, పౌడరు, లోషను, నూనె ఏదీ తగలని ముంజేయి లోపలి వైపు జానెడు దూరం నుంచి ఒక్కసారి కొట్టండి. రుద్దకండి. ఆల్కహాల్ ఎగిరిపోయేదాకా ఒక నిమిషం ఆగి వాసన చూడండి. అరగంటకి మళ్లీ, రెండు గంటలకి మళ్లీ చూడండి. అక్కడ బాగుంటే బాటిల్‌లో తప్పు లేదు. తప్పు ఇంకెక్కడో ఉంది.

బాగుంటే ఎలా ఉంటుంది

ఇది తెలియకపోతే ఏది తేడానో తెలియదు. ఆపిల్ పండు నుంచి సెంటుకి పనికొచ్చే నూనె తియ్యలేరు. గంధం చెక్క నుంచి, మల్లెపూల నుంచి వచ్చినట్టు రాదు. ఏ కంపెనీ ఆపిల్ సెంటైనా ఆ వాసన పదార్థాలను కలిపి కట్టిందే. పండులో ఉండే హెక్సైల్ ఎసిటేట్ లాంటివి ఆపిల్ తొక్క వాసననిస్తాయి. కోసిన గడ్డి వాసన ఇచ్చే హెక్సెనాల్ పచ్చిదనాన్నిస్తుంది. ఇవన్నీ చాలా తేలిక పదార్థాలు, త్వరగా గాలిలో కలిసిపోతాయి.

కాబట్టి మొదటి పది పదిహేను నిమిషాలు పచ్చి ఆపిల్‌ని పళ్లతో కొరికినట్టు చురుగ్గా, పుల్లగా తగలాలి. తర్వాత ఆ చురుకు తగ్గి పూల వాసన పైకొస్తుంది. రెండు మూడు గంటలకి చర్మాన్ని అంటిపెట్టుకుని చెక్క వాసన, కస్తూరి లాంటి మెత్తని వాసన మిగులుతాయి. 2004లో వచ్చిన డీకేఎన్‌వై బీ డెలీషియస్‌లో ఆపిల్‌తో పాటు దోసకాయ చల్లదనం ఉంటుంది, కింద చందనం ఉంటుంది. 2001 నాటి డోల్చే అండ్ గబ్బానా లైట్ బ్లూలో గ్రానీ స్మిత్ అనే పుల్లటి పచ్చ ఆపిల్, నిమ్మ ముందుకొచ్చి, చివరికి దేవదారు చెక్క మిగులుతుంది. రెండింట్లోనూ ఆపిల్ తలుపు తీసేదే. ఇంట్లో ఉండేది వేరేవాళ్లు.

లక్షణం: ఆపిల్ వాసన అరగంట కూడా నిలవట్లేదు

కారణం పైనే చెప్పేశాను. అది లోపం కాదు, దాని స్వభావమే అంత. దానికి తోడు రోహిణి కార్తెలో మన ఊళ్ల ఎండ. ఒళ్లు వేడిగా ఉంటే తేలిక వాసనలు ఇంకా త్వరగా ఎగిరిపోతాయి. మణికట్లు రెండూ కలిపి రుద్దితే వేడి పుట్టి ఇంకాస్త తొందరగా పోతాయి.

చెయ్యాల్సింది: వాసన లేని మాయిశ్చరైజర్ గానీ వాజిలిన్ గానీ పల్చగా రాసి దాని మీద కొట్టండి. పొడి చర్మం మీదకన్నా బాగా నిలుస్తుంది. నూలు బట్ట మీద కొడితే ఇంకా ఎక్కువసేపు ఉంటుంది. పట్టు మీద మాత్రం వద్దు, మరక పడితే పోదు. ఆపిల్ వాసనే కావాలంటే చిన్న స్ప్రే సీసాలో పోసుకుని బ్యాగులో పెట్టుకోండి, మధ్యాహ్నం ఇంకోసారి కొట్టుకోండి. పొద్దున్నే పదిసార్లు కొట్టుకుంటే ఆపిల్ పదింతలు నిలవదు. పది నిమిషాల పాటు ఘాటు మాత్రం పదింతలవుతుంది.

లక్షణం: నాకు రావట్లేదు, పక్కవాళ్లకి వస్తోంది

ముక్కు అలవాటు పడిపోయింది. కాసేపు బయట తిరిగి రండి, లేదా ఇంట్లోవాళ్లని అడగండి. వాళ్లకి వస్తుంటే ఇంకో చుక్క కూడా వద్దు. కస్తూరి రకం వాసనల్లో కొన్ని కొందరి ముక్కుకి పుట్టుకతోనే అందవు. అలాంటివాళ్లకి రెండు గంటల తర్వాత సెంటు మొత్తం మాయమైనట్టే ఉంటుంది. పక్కన కూర్చున్నవాళ్లకి సాయంత్రం దాకా వస్తూనే ఉంటుంది.

లక్షణం: ఫినాయిల్ వాసన, బాత్రూమ్ వాసన వస్తోంది

నన్ను బాగా దెబ్బకొట్టింది ఇదే. దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను.

కొన్నేళ్ల కిందట ఒక కుర్రాడు వాళ్ల అక్క నిశ్చితార్థానికని గ్రీన్ ఆపిల్ సెంటు తీసుకుపోయాడు. మూడో రోజు తిరిగొచ్చాడు. "ఏందక్కా, ఆపిల్ అని ఇచ్చినావు, బాత్రూమ్ కడిగిన వాసన వస్తా ఉంది. ఇంటి నిండా చుట్టాలు, నా పరువు పోయింది." పిల్లవాడి ముఖం చూసి మారు మాట్లాడకుండా వేరే బాటిల్ ఇచ్చాను. వారానికి అదీ వెనక్కి వచ్చింది. అప్పుడు మాకు సరుకు పంపే డీలర్‌కి ఫోన్ చేసి గట్టిగా గొడవ పెట్టుకున్నాను. ఆయన ఎంత చెప్పినా వినలేదు. ఆ రకం మొత్తం వెనక్కి పంపేస్తానన్నాను.

సరుకు కట్టే ముందు కుర్రాణ్ణి పిలిచి, మోచేతి దాకా చొక్కా మడవమని చేతి మీద కొట్టాను. కమ్మగా, పచ్చిగా, ఆపిల్ తొక్క వాసన. ఏ లోపమూ లేదు. అదే బాటిల్ చొక్కా మడిచిన చేతి గుడ్డ మీద కొట్టాను. నాలుగు వేళ్ల దూరం కూడా లేదు. అక్కడ ఫినాయిల్. అటు చూశాను, ఇటు చూశాను, నమ్మలేకపోయాను. అప్పుడు సెంటు తగలని రెండో చేతి గుడ్డ ముక్కు దగ్గర పెట్టుకున్నాను. సన్నగా, చల్లగా, తారు లాంటి వాసన. కలరా ఉండలు.

చొక్కా బీరువాలోంచి తీసింది. పండగలకీ పెళ్లిళ్లకీ వేసుకునే మంచి బట్ట కాబట్టి మడతల మధ్య వాళ్లమ్మ నాలుగు ఉండలు పెట్టింది. సెంటు కొట్టుకునేది కూడా ఆ పండగ రోజునే కదా. ఈ రెండూ ఎప్పుడూ ఒకే రోజు కలుస్తాయి. రోజువారీ చొక్కా మీద బాగున్న సెంటు పెళ్లి రోజున చెడిందని జనం నా దగ్గరికి రావడానికి కారణం ఇదే.

అసలు జరిగేది ఇది. కలరా ఉండ అంటే నాఫ్తలీన్. అది కరిగి నీళ్లవదు, గట్టిగా ఉన్నది ఉన్నట్టే ఆవిరవుతుంది. ఉండలు నెలనెలా చిన్నవైపోతుంటాయి చూడండి, ఆ తగ్గినదంతా మూసిన బీరువాలో బట్టల పోగుల్లోకి ఎక్కుతుంది. ఎండాకాలంలో ఇనప బీరువా వేడెక్కితే ఇంకా ఎక్కువ. ఆ బట్ట ఒంటి మీదకి వచ్చాక ఒంటి వేడికి మెల్లగా బయటికొస్తుంది. ఆపిల్ వాసన అరగంటలో పోతుంది, ఇది పూటంతా పోదు. పైగా ఆ ఇంట్లోవాళ్ల ముక్కులు బీరువా వాసనకి ఎప్పుడో అలవాటు పడ్డాయి కాబట్టి విడిగా ఉన్నప్పుడు పట్టుకోలేరు. సెంటు పడగానే రెండూ కలిసి కొత్త వాసనగా తగులుతుంది. వాష్ బేసిన్‌లో వేసేవీ ఇవే ఉండలు, నేల తుడిచే ద్రావకాల్లోనూ పండ్ల వాసనలు ఉంటాయి. ఈ రెండూ కలిసి మన ముక్కుకి తెలిసిన చోటు బాత్రూమే. అందుకే అందరూ అదే మాట అంటారు.

గులాబీ అత్తరో, ఊద్ రకమో కొట్టుకుంటే ఇంత తెలియదు. అవి బరువైనవి, కింద ఉన్నదాన్ని కప్పేస్తాయి. గ్రీన్ ఆపిల్ పల్చనిది, దేన్నీ కప్పలేదు. అందుకే తప్పు బీరువాదైనా నింద ఆపిల్ మీద పడుతుంది. ఆ రోజు డీలర్‌కి మళ్లీ ఫోన్ చేసి తప్పు నాదని చెప్పుకున్నాను.

తేల్చుకోవడం ఎలాగంటే, బీరువాలో పెట్టని, ఉతికి ఆరేసిన చేతి రుమాలు ఒకటి తీసుకోండి. దాని మీద ఒకసారి, అనుమానం ఉన్న చొక్కా అంచు మీద ఒకసారి కొట్టి అయిదు నిమిషాల తర్వాత రెండూ చూడండి. వాసనలు వేరైతే దొంగ దొరికినట్టే.

పోగొట్టడానికి చాలామంది ముందు ఉతుకుతారు. నాఫ్తలీన్ నీళ్లలో కరగదు, ఒక్క ఉతుకుతో పూర్తిగా పోదు. దాన్ని తీసుకుపోయేది గాలి. చొక్కా తిరగేసి డాబా మీద దండేనికి రెండు రోజులు వేలాడదీయండి, ఆ తర్వాత ఉతకండి. పట్టుచీరలైతే ఎండలో వద్దు. నీడలో, ఫ్యాను గాలికి, మడతలు విప్పి ఆరేయండి. పెళ్లి ఆదివారం అయితే గురువారమే బయటికి తీయాలి. శనివారం రాత్రి తీసి ఇస్త్రీ చేస్తే ఆ వేడికి గదంతా కలరా ఉండల వాసనే. బీరువాలోంచి ఉండలు తీసేసి, అరలు తడి గుడ్డతో తుడిచి, తలుపులు తెరిచి కొన్నాళ్లు గాలి తగలనివ్వండి. వాటి బదులు బాగా ఎండిన వేపాకు గుడ్డలో మూటకట్టి పెట్టండి, లేదా వట్టివేళ్లు పెట్టండి. వట్టివేళ్ల వాసన బట్టకి పట్టినా గ్రీన్ ఆపిల్‌కి చక్కగా కలుస్తుంది. సెంట్ల అడుగు వాసనల్లో వాడేదీ ఆ వేళ్ల నూనెనే. కర్పూరం మాత్రం వద్దు, మళ్లీ అదే కథ.

ఇంకొక్క మాట, ఇది సెంటు గురించి కాదు. పసిపిల్లల బట్టల్లో, దుప్పట్లలో కలరా ఉండలు పెట్టకండి. జీ6పీడీ (ఎర్ర రక్తకణాలను కాపాడే ఒక ఎంజైమ్) పుట్టుకతోనే లోపించిన పిల్లలకి ఆ ఆవిరి తగిలినా ఎర్ర రక్తకణాలు దెబ్బతింటాయి. బిడ్డకి ఆ లోపం ఉందో లేదో మనకి ముందుగా తెలియదు కదా. నా దగ్గరికి వచ్చిన ప్రతి తల్లికీ ఇది చెబుతాను.

లక్షణం: కొట్టగానే వెనిగర్ లాగా, నెయిల్ పాలిష్ రిమూవర్ లాగా ఉంది, గంటకి బాగుపడుతోంది

ఇది మాత్రం బాటిలే. ఎండ దెబ్బ తిన్నది. ముందు చెడేవి పైనుండే తేలిక వాసనలు, అంటే మీరు డబ్బు పెట్టి కొన్న ఆపిల్. కింద ఉన్న చెక్క, కస్తూరి వాసనలు అలాగే ఉంటాయి కాబట్టి గంట తర్వాత బాగున్నట్టే అనిపిస్తుంది. బాటిల్ ఎక్కడ పెట్టారని అడిగితే స్కూటీ డిక్కీ అంటారు, కారు ముందు అద్దం దగ్గర అంటారు, కిటికీ గట్టు అంటారు. రంగు ముదిరిందేమో చూడండి. చెడినదాన్ని బాగు చేసే మార్గం లేదు. కొత్తది కొన్నాక అట్టపెట్టెలోనే ఉంచి చల్లని అలమారలో పెట్టండి. కలరా ఉండలు లేని అలమారలో.

లక్షణం: పుల్లగా లేదు, మరీ తియ్యగా ఉంది

కొన్నదే తియ్య ఆపిల్ అయ్యుంటుంది. 2006లో వచ్చిన నీనా రిచీ వాళ్ల నీనా ఆపిల్ ఆకారంలో ఉన్న బాటిలే, కానీ అది పాకం పట్టిన ఆపిల్. బాటిల్ ఆకారం చూసి కాదు, చేతి మీద కొట్టించుకుని అరగంట ఆగి కొనండి. మీరు కొన్నది పచ్చి రకమే అయితే తలకి రాసిన కొబ్బరి నూనె మెడ మీదకి దిగిందేమో చూసుకోండి.

మిగతావి

నిజంగానే డూప్లికేట్ అయితే? పెట్టె అడుగున ఉన్న బ్యాచ్ నంబరు, బాటిల్ అడుగున ఉన్న నంబరు ఒకటే కావాలి. వేరైతే కొన్నచోటే అడగండి. గంజి పెట్టి సరిగా ఆరని చొక్కాకి పులిసిన వాసన ఉంటుంది, దానికి మళ్లీ ఉతకడమే. చర్మం తీరు, తిన్న తిండి అని చాలా చెబుతారు. వాటివల్ల కొంచెం తేడా వస్తుందేమో గానీ ఆపిల్ ఫినాయిల్ అవదు. కొట్టినచోట దురద, ఎర్రటి దద్దు వస్తే ఆ సెంటు ఆపేయండి. కాఫీ, సబ్బు, అగరుబత్తి అన్నీ తేడాగా వాసనొస్తుంటే అది సెంటు సమస్య కాదు, ముక్కు డాక్టరుకి చూపించుకోండి.

ఇవన్నీ చూసుకున్నాక కూడా బాటిల్ మీదే అనుమానం ఉంటే తప్పకుండా వెనక్కి తీసుకురండి. వచ్చేటప్పుడు ఆ రోజు వేసుకున్న చొక్కానో చీరో కూడా ఉతక్కుండా సంచిలో వేసుకుని రండి.