బ్యాండుతో టూరుకు వెళ్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

వినాయక చవితి, దసరా ప్రోగ్రాములు దగ్గరపడ్డాయి. మీ ఆయనో, మీ ఆమెనో రాక్ బ్యాండులో ఉండి, నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తి అంటూ మీరూ వెంట తిరుగుతుంటే:

కరెంటు: జనరేటర్ లైన్‌ను మల్టీమీటర్‌తో కొలిచాకే ఆంప్లిఫయర్ ప్లగ్గు పెట్టనివ్వండి. 230 వోల్టుల దగ్గర ఉండాలి. త్రీ ఫేజ్‌లో న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్ళే వైరు) ఊడితే 400 వోల్టుల దాకా ఎగబాకి సామానంతా కాలిపోతుంది. ఎర్తింగ్ కూడా చూపించమనండి. అది లేకుంటే చేతిలో గిటార్ తీగలు, పెదవికి మైకు తగిలినప్పుడు షాక్ కొడుతుంది. ప్రాణాలతో పని, మొహమాటం వద్దు.

రాత్రి ప్రయాణం: వాయించి అలసిన మనిషికి స్టీరింగ్ ఇవ్వొద్దు, వేరే డ్రైవర్ ఉండాలి. హైవే పక్కన లైట్లు లేకుండా ఆగిన లారీలు కునికిపాటులో కనబడవు.

టైము: రాత్రి 10 దాటితే బహిరంగంగా లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదు. పండుగకు 12 వరకు అనుమతి తెచ్చామంటే కాగితం చూడండి. పోలీసులు మధ్యలో ఆపిస్తే మిగతా పైసలకు పేచీ వస్తుంది. అందుకే బాకీ మొత్తం స్టేజీ ఎక్కకముందే తీసుకోవాలి.

చెవులు: 100 డెసిబెల్స్ మోతలో 15 నిమిషాలకు మించి ఉంటే వినికిడికి ముప్పు. మీకు ఇయర్‌ప్లగ్‌లు, పిల్లలకు ఇయర్‌మఫ్‌లు. స్పీకర్ల ముందు కూర్చోవద్దు.

గిటార్లు: ఎండలో ఆపిన బండిలో వదలొద్దు, వేడికి జిగురు మెత్తబడి బ్రిడ్జి (తీగలు బిగించే చెక్క పట్టీ) లేస్తుంది.

సౌండ్ చెక్: షోకు ముందు మైకులు, వాయిద్యాల శబ్దం సరిచూసుకునే ఆ కాసేపు వాళ్ళను పలకరించొద్దు. అప్పుడు కుదరని లెవెల్స్ షోలో కుదరవు.