ముద్ద కాని గుమ్మడి వేపుడు: ఎయిర్ ఫ్రయర్‌లో బటర్‌నట్

అక్టోబరు వచ్చిందంటే మా ష్రూస్‌బరీ చుట్టుపక్కల ఏ తోట దుకాణం ముందు చూసినా పెట్టెల నిండా బటర్‌నట్ స్క్వాష్‌లే. మసాచుసెట్స్‌కు ఇది పరాయి కాయ కాదు. పేరుపొందిన వాల్తం రకం మాకు ముప్పావుగంట దూరంలోని వాల్తంలోనే తయారై, 1970లో, కొత్త మొక్కల రకాల్లో మేలైనవాటికి ఇచ్చే ఆల్ అమెరికా సెలెక్షన్స్ బహుమతి అందుకుంది. మన తీపి గుమ్మడిలో చాలా రకాలు కూడా ఈ జాతివే. కిందటేడు తెనాలి నుంచి వచ్చిన అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "సొరకాయ ఒంట్లో గుమ్మడికాయ దూరింది" అంది. ఇంతకంటే బాగా నేను చెప్పలేను.

పులుసుకూ దప్పళానికీ ఈ కాయ చక్కగా ఒదుగుతుంది. వేపుడుకే పేచీ. మూకుట్లో వేస్తే ముక్కలు నీరు వదిలి, ఆ నీళ్లలోనే ఉడికి, గరిటె తగిలిన చోటల్లా చితికిపోతాయి. ఎయిర్ ఫ్రయర్‌లో ఆ బాధ లేదు. పేరులో ఫ్రయర్ ఉన్నా అది వేయించదు, వేడిగాలి విసిరే చిన్న ఓవెన్ అంతే. ముక్క వదిలిన తడిని ఆ గాలి అప్పటికప్పుడు ఆరబెట్టేస్తుంది. అలాగని బంగాళదుంప వేపుడులా కరకరలాడుతుందని ఆశపడకండి. అంచులు ఎర్రగా వేగి, లోపల వెన్నలా ఉంటుంది. నాకు అదే ఇష్టం.

కాయను మెడ చూసి కొనండి. మెడ పొడవుగా, లావుగా ఉండాలి. గింజలుండే గుల్ల కిందిభాగంలోనే ఉంటుంది, మెడంతా గట్టి కండ. పైచెక్కు మెరవకూడదు, ఆకుపచ్చ చారలు ఉండకూడదు, గోరుతో గిచ్చితే దిగకూడదు. తొడిమ ఊడిన కాయ త్వరగా కుళ్లుతుంది. కిలో, కిలోంపావు కాయ నలుగురికి సరిపోతుంది. కోయని కాయను ఫ్రిజ్‌లో పెట్టకండి. చల్లగా, పొడిగా ఉండే చోట రెండు నెలలు నిక్షేపంగా ఉంటుంది.

కోయడమే అసలు పని. అందులోనూ మా ఇంట్లో ముందు ఒక తంతు నడిచింది. నేను కత్తి ఎత్తగానే అమ్మ చెయ్యి పట్టుకుంది. "ఆడవాళ్లు నిండు గుమ్మడికాయ కోయకూడదు." ఇది గుమ్మడికాయ కాదమ్మా అందామంటే, అదే జాతి అని పొద్దున చెప్పింది నేనే. ఆఫీసు ఫోనులో ఉన్న మా ఆయన చెవికి అది తగిలించుకునే వచ్చి, ఒక గాటు పెట్టి వెళ్లారు. మిగతాది నేను కోశాను.

ముందుగా రెండు కొసలూ తీసేసి, మెడనూ గుండ్రటి భాగాన్నీ విడదీయండి. కత్తి దిగనంత గట్టిగా ఉంటే నాలుగైదు చోట్ల ఫోర్కుతో పొడిచి, మైక్రోవేవ్‌లో రెండు మూడు నిమిషాలు ఉంచితే చెక్కు మెత్తబడుతుంది. పీలర్‌తో చెక్కు కిందుండే పచ్చటి గీతలు పోయేదాకా, లోపలి నారింజ రంగు కనబడేదాకా చెక్కు తీయండి. చేతులకు తొడుగులు మరవకండి. ఈ కాయ జిగురు అరచేతులకు పట్టి ఆరిందంటే చర్మం బిగదీసుకుపోతుంది, సబ్బుకు ఓ పట్టాన వదలదు. పనసకాయకు రాసుకున్నట్టు నూనె రాసుకోమంది అమ్మ. కత్తి జారుతుంది, నేను ఒప్పుకోలేదు.

ముక్కలు ముప్పావు అంగుళం ఉండాలి. చిన్నవైతే ఎండిపోతాయి, పెద్దవైతే పైన మాడినా లోపల పచ్చిగానే ఉంటాయి. కడిగితే గుడ్డతో తడి లేకుండా ఒత్తి తుడవండి. రెండు టేబుల్ స్పూన్ల నూనె, పావు చెంచా పసుపు, ఒక చెంచా బియ్యప్పిండి పట్టించండి. ఉప్పు మాత్రం ఎయిర్ ఫ్రయర్ బుట్టలో వేసే ముందు క్షణమే. ముందే కలిపి ఉంచారా, ముక్కలు నీరు కారతాయి.

ఎయిర్ ఫ్రయర్‌ను 400 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో, అంటే దాదాపు 200 సెల్సియస్‌లో, మూడు నిమిషాలు వేడి చేయండి. ముక్కలు ఒకే వరసలో పడేలా సగమే వేయండి. బుట్ట నింపేస్తే గాలి ఆడదు, మళ్లీ మూకుడు కథే. ఎనిమిది నిమిషాలకు ఒకసారి బుట్ట కుదపండి. మొత్తం పదిహేను నుంచి పద్దెనిమిది నిమిషాలు పడుతుంది. రెండో వాయికి యంత్రం వేడెక్కి ఉంటుంది కనుక రెండు నిమిషాలు ముందే చూడండి. చివర అన్నీ కలిపి ఒక్క నిమిషం వేడి చేస్తే మొదటి వాయి చల్లారిందన్న మాట రాదు.

కారం, వెల్లుల్లి, కరివేపాకు ఇందులో ఎప్పుడు వేయాలని చూస్తున్నారా? వేయకూడదు. మొదటిసారి నేను అన్నీ ముందే కలిపేశాను. కాసేపటికి లోపల టపటపమని చప్పుడు. ఫ్యాను గాలికి కరివేపాకు పైకి లేచి వేడి తీగకు అతుక్కుపోయింది. కారం మాడి ఘాటు లేచింది. పొగ అలారం మోగుతుంటే అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "మన మూకుడు ఇలా అరవదమ్మా" అంది.

అందుకని తాలింపు విడిగా, పొయ్యి మీద. రెండు చెంచాల నూనెలో ఆవాలు, మినప్పప్పు, రెండు ఎండుమిర్చి, నలగ్గొట్టిన ఆరు వెల్లుల్లి రెబ్బలు, కరివేపాకు. వెల్లుల్లి రంగు మారగానే పొయ్యి ఆర్పి, ఆ వేడిలోనే ముప్పావు చెంచా కారం, రెండు చెంచాల వేయించిన నువ్వుల పొడి వేసి ముక్కల మీద ఒంపండి. గరిటె పెట్టకుండా గిన్నెను ఎగరేసి కలపండి. వడ్డించే ముందు అరచెక్క నిమ్మరసం పిండండి. దాన్ని మానకండి, పులుపు లేకపోతే ఈ కాయ తీపి నాలుగో ముద్దకే మొహం మొత్తుతుంది. ఇక్కడివాళ్లు దీని మీద మేపుల్ సిరప్, దాల్చినచెక్క పొడి వేసుకుంటారు. అసలే తీపి కాయకు మళ్లీ తీపేమిటో!

పప్పుచారుకు దీన్ని మించిన జోడీ నేను చూడలేదు. పెరుగన్నంలో మాత్రం మెత్తబడి రుచి చెడుతుంది. మిగిలితే మర్నాడు మైక్రోవేవ్ జోలికి పోకుండా, అదే బుట్టలో నాలుగు నిమిషాలు వేడి చేయండి. ఈసారి తాలింపు ఉంది కదా, కరివేపాకు ఏరి పక్కన పెట్టి మరీ చేయండి.

గింజలు పారేయబోతే అమ్మ ఊరుకోలేదు. పీచు వదిలించి, కడిగి, ఒక పూట ఆరబెట్టి, ఉప్పూ చెంచాడు నూనే కలిపి 325 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో ఎనిమిది నిమిషాలు పెట్టాం. మధ్యలో రెండుసార్లు కుదిపాం. వేగినవి గుప్పెడైనా లేవు. మా ఆయన ఫోను మాట్లాడుతూనే వచ్చి, ఆ గాటు తానే పెట్టానని గుర్తుచేసి, సగం పట్టుకుపోయారు.