ఇంజెక్షన్ మౌల్డింగ్ లోపాలు, 4వ పాఠం: సింక్ మార్కును తూకంతో పట్టుకోవడం

కరిగించిన ప్లాస్టిక్‌ను ఒత్తిడితో అచ్చులోకి నింపే ఈ పద్ధతిలో, అచ్చు పూర్తిగా నిండకపోవడమనే లోపాన్ని గత పాఠంలో సరిచేశాం. అచ్చు నిండిన తరువాత కూడా, లోపల రిబ్ (గోడకు బలాన్నిచ్చే సన్నని పట్టీ) గానీ స్క్రూ బాస్ (మరను బిగించే బోలు గుబ్బ) గానీ ఉన్న చోటికి సరిగ్గా వెనుక, వెలుపలి ముఖంపై చిన్న పల్లం కనిపించవచ్చు. అదే సింక్ మార్క్.

ప్లాస్టిక్ చల్లారుతూ కుంచించుకుపోతుంది: ఏబీఎస్ సుమారు 0.4 నుంచి 0.7 శాతం, పాలీప్రొపిలీన్ 1 నుంచి 2.5 శాతం వరకు. రిబ్ గోడను కలిసే చోట మందం ఎక్కువ కనుక అక్కడి పదార్థం అన్నిటికంటే ఆలస్యంగా గట్టిపడి, అప్పటికే బిగిసిన పై పొరను లోపలికి లాగుతుంది. ఆ పొర లొంగకపోతే లోపలే ఖాళీ ఏర్పడుతుంది కాబట్టి, ముఖం నునుపుగా ఉన్నా ఒక నమూనాను కోసి చూడండి.

ఈ కుదింపును పూడ్చేది హోల్డింగ్ ప్రెజర్, అంటే అచ్చు నిండిన తరువాత కూడా ప్లాస్టిక్‌ను లోపలికి నెడుతూ ఉంచే ఒత్తిడి. దానిని పెంచే ముందు కుషన్, అంటే యంత్రంలో ప్లాస్టిక్‌ను నెట్టే స్క్రూ ముందు మిగిలే కరిగిన పదార్థం, చూడాలి. స్క్రూ ముందు పదార్థం మిగలకపోతే మీరు ఎంత ప్రెజర్ పెట్టినా అది అచ్చులోకి చేరదు. విద్యార్థులు ఎక్కువగా వదిలేసే పరిశీలన ఇదేనని నా అభిప్రాయం.

తరువాత గేట్ (అచ్చు ఖాళీలోకి ప్లాస్టిక్ ప్రవేశించే సన్నని దారి) ఎప్పుడు గడ్డకడుతుందో కనుక్కోవాలి. హోల్డింగ్ సమయాన్ని 2 సెకన్ల నుంచి ఒక్కొక్క సెకను పెంచుతూ, సైకిల్ (ఒకసారి అచ్చుపోయడానికి పట్టే మొత్తం సమయం) మారకుండా కూలింగ్ సమయాన్ని అంతే తగ్గిస్తూ, ప్రతి మార్పు తరువాత యంత్రం నిలకడకు వచ్చాక తీసిన వస్తువులను రన్నర్ (గేట్ వరకు ప్లాస్టిక్‌ను తెచ్చే కాలువలో గట్టిపడిన ముక్క) తొలగించి 0.01 గ్రాముల త్రాసుపై తూయండి. బరువు పెరగడం ఆగిన సమయానికి గేట్ మూసుకుపోయినట్టే. దానికి ఒక సెకను కలిపి స్థిరపరచండి. ఈ పరీక్ష ముగిసేవరకు ఉష్ణోగ్రతలను గానీ ప్రెజర్‌ను గానీ కదపవద్దు, ఎందుకంటే రెండు మార్పులు కలిస్తే ఫలితం దేనిదో చెప్పలేం.

బరువు నిలిచినా పల్లం పోకపోతే ప్రెజర్‌ను కొద్దికొద్దిగా పెంచండి. అంచుల్లో ఫ్లాష్ (అచ్చు సందుల్లోకి పొంగే పల్చని ప్లాస్టిక్ పొర) మొదలైతే ఆపండి. అప్పటికీ మిగిలితే, గేట్ చిన్నదై పల్లం పూడకముందే మూసుకుపోతూ ఉండాలి, లేదా రిబ్ మందమై ఉండాలి. రిబ్ గోడ మందంలో 50 నుంచి 60 శాతం దాటకూడదు. అచ్చులో రిబ్ అంటే లోహంలో చెక్కిన గాడి: దానిని వెడల్పు చేయడం తేలిక, సన్నం చేయాలంటే లోహం చేర్చాలి. అందుకే డ్రాయింగ్‌లోనే రిబ్‌ను సన్నగా గీయండి.