పూల్ నేర్చుకుందాం – 6వ పాఠం: పందెం లెక్క

పూల్ అంటే గుడ్డ పరిచిన టేబుల్ మీద కర్రతో తెల్ల బంతిని కొట్టి, మిగతా బంతులను గుంతల్లో వేసే ఆట. పోయిన పాఠంలో తెల్ల బంతి ఎదుటి బంతిని తాకిన చోటే నిలిచిపోయే స్టాప్ షాట్ సాధన చేశాం. ఈ వారం క్యూ (బంతిని కొట్టే కర్ర) పక్కన పెట్టి పెన్నూ కాగితం తీసుకోండి. తిరుపతిలో సాయంత్రం పూట పూల్ ఆడే చోటికి వెళ్తే, రెండు మూడు గేమ్‌లు అయ్యాక ఎవరో ఒకరు అంటారు: "ఊరికే ఆడితే ఏముంది మామా, వందేసుకుందాం." దానికి సరే అనేముందు వేసుకోవాల్సిన లెక్క ఇది.

టేబుల్‌కు గంటకు 200 రూపాయలు అనుకుందాం. మీ దగ్గర రేటు వేరైతే అదే వేసుకోండి. గంటలో నాలుగు గేమ్‌లు పడితే గేమ్‌కు 50. ఓడినవాడే టేబుల్ డబ్బులు కట్టాలనేది ఒప్పందం. దానిపైన వంద పందెం. అంటే గెలిస్తే 100 వస్తుంది, ఓడితే 150 పోతుంది.

పది గేమ్‌లలో అయిదు గెలిచారా? 500 వచ్చి 750 పోయింది. ఆరు గెలిచారా? 600 వచ్చింది, నాలుగు ఓటములకు 600 పోయింది. పదికి ఆరు గెలిచేవాడు ఎదుటివాడికంటే స్పష్టంగా మెరుగైన ఆటగాడు. అయినా అతని జేబులో మిగిలింది సున్నా!

లాభం నష్టం లేకుండా నిలవాలంటే ఎంత గెలవాలో చెప్పే సూత్రం రాసుకోండి: ఓడితే పోయేదాన్ని, గెలిస్తే వచ్చేదీ ఓడితే పోయేదీ కలిపిన మొత్తంతో భాగించాలి. ఇక్కడ 150ని 250తో భాగిస్తే 0.6. నూటికి 60 కంటే ఎక్కువ గెలిస్తేనే లాభం.

ఇప్పుడు పందెం 500 చేసి చూడండి. 550ని 1050తో భాగిస్తే సుమారు 0.52. చూశారా, పందెం పెరిగేకొద్దీ లెక్క మనవైపే వస్తున్నట్టు కనిపిస్తుంది. చాలామంది కుర్రాళ్ళు పడిపోయేది ఇక్కడే. సరిసమానమైన ఇద్దరు ఆడితే వరుసగా అయిదు గేమ్‌లు ఓడే అవకాశం 32లో 1. రోజూ ఆడేవాడికి ఇది వింతేమీ కాదు, ఎప్పుడో ఒక సాయంత్రం తప్పక ఎదురవుతుంది. ఆ రోజు 2,750 పోతుంది. హాస్టల్లో ఉండి చదువుకునే పిల్లాడికి అది మెస్ బిల్లు డబ్బు. నాకు బాధ కలిగించేది ఆ డబ్బు కంటే దాని తర్వాత జరిగేది. పోయింది రాబట్టుకోవాలన్న టెన్షన్‌లో చేయి బిగుసుకుంటుంది, మనం ఇన్ని వారాలు సాధన చేసిన స్ట్రోక్ మొత్తం పాడవుతుంది.

"నేను నూటికి 60 గెలుస్తాను" అని ఎలా తెలుస్తుంది? 20 గేమ్‌లలో 12 గెలిచినంత మాత్రాన నమ్మకండి. సరిసమానుల మధ్య కూడా 12 గానీ అంతకంటే ఎక్కువ గానీ గెలవడం నాలుగింట ఒకసారి జరుగుతుంది.

యజమాని సంగతి కూడా చూడాలి. రాతి పలక టేబుల్, దానిమీద అరిగిపోయే గుడ్డ, అద్దె, కరెంటు, ఇవన్నీ ఖాళీగా ఉన్న గంటలకూ ఖర్చే. అందుకే ఆయన అమ్ముకునేది గంటలు. పందెంలో రూపాయి తీసుకోకపోయినా, ఓడినవాడు "ఇంకొక్క గేమ్" అన్న ప్రతిసారీ ఆయన మీటరు తిరుగుతుంది. పందెంలోంచి వాటా తీసుకుంటే మాత్రం కథ వేరు. రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అని 1968లో ఆంధ్రప్రదేశ్ కేసులో చెప్పిన సుప్రీంకోర్టే, డబ్బు పెట్టి ఆడే ఆట నుంచి క్లబ్బు లాభం తీస్తే నేరం కావచ్చని కూడా చెప్పింది. ఫోన్లో డబ్బు పెట్టి ఆడే పూల్ జోలికైతే అసలు పోవద్దు. నైపుణ్యమైనా అదృష్టమైనా, ఆన్‌లైన్ డబ్బు ఆటలన్నిటినీ నిషేధిస్తూ 2025లో కేంద్రం చట్టం చేసింది.

నా సలహా ఒకటే. టేబుల్ డబ్బుల వరకే పందెం ఉంచండి. బలం తేడా ఉంటే, ఎవరు ఏ రకం బంతులు వేయాలో తేలాక, బలహీనుడు వేయాల్సిన వాటిలో రెండు బంతులు ముందే తీసేయండి. ఇద్దరూ చెరి సగం గెలిచేదాకా ఆ సంఖ్య మార్చుకోండి. ఆట రంజుగా ఉంటుంది, ఖర్చు ఇద్దరికీ సమంగా పడుతుంది.

అభ్యాసం: గంటకు 240, గంటలో మూడు గేమ్‌లు, పందెం 200. ఓడినవాడే టేబుల్ కట్టాలి. నూటికి ఎన్ని గెలిస్తే సమానం? జవాబు, సుమారు 58. మీకు వేరే సంఖ్య వస్తే గేమ్‌కు టేబుల్ ఖర్చు 80 వేశారో లేదో చూసుకోండి. వచ్చే పాఠంలో మళ్ళీ క్యూ పట్టుకుని, తెల్ల బంతిని వెనక్కి లాగే షాట్ మొదలుపెడదాం.