పళ్లూ పొట్టా పదే పదే మొరాయించే గినీ పిగ్‌ను ఎలా చూసుకోవాలి

గినీ పిగ్ మేత మానేస్తే ఒకరు పొట్ట బాగా లేదంటారు, ఇంకొకరు పళ్లు పెరిగాయంటారు. ఈ జీవి విషయంలో అవి రెండు జబ్బులు కావు. దవడ పన్ను గుచ్చుకుంటే గడ్డి నమలదు. గడ్డి లోపలికి పోకపోతే పేగు కదలదు. పేగు ఆగితే గ్యాస్ పట్టి నొప్పి మొదలవుతుంది, నొప్పికి మేత మరింత తగ్గుతుంది, నమలడం తగ్గిన కొద్దీ పళ్లు మరింత పెరుగుతాయి. ఒడిశాలోని పర్లాకిమిడిలో నాది మందుల దుకాణం. మా ఇంట్లో ఉన్న జీడి (ఒళ్లంతా వేయించిన జీడిపప్పు రంగు, అందుకే ఆ పేరు) ఈ జబ్బుతోనే బతుకుతోంది. బాగవుతుంది, మళ్లీ తిరగబెడుతుంది. ఈ ఊరి ఎండలో, ఇక్కడ దొరికే గడ్డితో, చిన్న జంతువుల నిపుణులు చేతికందే దూరంలో లేని చోట దాన్ని ఎలా చూసుకుంటున్నామో రాస్తున్నాను.

మందుల కన్నా ముందు కొనవలసింది గ్రాముల్లో చూపే వంటింటి డిజిటల్ కాటా. దాని మీద ఒక వెడల్పాటి గిన్నె, గిన్నెలో పాత తువ్వాలు ముక్క. రోజూ పొద్దున్నే, దాణా వేయకముందు, అదే వేళకు తూచి పుస్తకంలో రాయండి. ఆరోగ్యంగా ఉన్న గినీ పిగ్‌ను వారానికోసారి తూచినా చాలు. ఈ జబ్బు ఉన్నదాన్ని మాత్రం రోజూ తూచాలి. పాతిక ముప్పై గ్రాములు అటూ ఇటూ కావడం మామూలే. 50 గ్రాములు తగ్గి అక్కడే నిలిచిపోతే డాక్టరుకు ఫోను చేయండి. 100 గ్రాములు తగ్గితే ఆ రోజే చూపించాలి. వేటాడే జంతువులకు ఎరగా పుట్టిన జాతి కనుక ఇది నొప్పిని దాచుకుంటుంది. గిన్నె దగ్గరికి పరుగెత్తుకు వస్తుంది, మూతి పెడుతుంది, తింటున్నట్టే కనిపిస్తుంది. కాటా దగ్గర ఆ నటన సాగదు.

ఆ నటనను దగ్గర నుంచి చూస్తే తేడా తెలుస్తుంది. జీడికి పన్ను ఇబ్బంది మొదలైనప్పుడు గరిక పోచను నోట్లోకి లాక్కుంటుంది, తల ఒక పక్కకు వాల్చి కాస్త నములుతుంది, సగం నలిగిన పోచను కింద పడేసి ఇంకొకటి అందుకుంటుంది. కొద్దిసేపటికి గిన్నె చుట్టూ తడిసిన పోచలు పోగుపడతాయి. తరువాత చొంగ కారి గడ్డం కింద బొచ్చు తడిసి అట్టకడుతుంది. గట్టి గుళికలు వదిలేసి మెత్తని కొత్తిమీర ఒక్కటే తినడం, కంటి వెంట నీరు కారడం కూడా పళ్ల గుర్తులే.

పెంటికలను కూడా రోజూ చూడాలి. మంచివి గోధుమరంగులో, నున్నగా, కోలగా, ఒకే పరిమాణంలో ఉంటాయి. చిన్నవైపోవడం, ఒక కొస సన్నబడటం, వెంట్రుకలతో ఒకదానికొకటి అతుక్కుని రావడం పేగు మందగించిందనడానికి గుర్తులు. పొట్ట బిగుసుకుపోయి, తట్టితే బోలుగా మోగి, జీవి మూలకు చేరి ముడుచుకుని పళ్లు కొరుకుతుంటే రేపటిదాకా ఆగకండి. అర్ధరాత్రయినా అది అత్యవసరమే. పన్నెండు గంటలుగా ఏమీ తినకపోయినా అంతే.

గినీ పిగ్‌కు 20 పళ్లుంటాయి. ముందు నాలుగు మనకు కనిపిస్తాయి, మిగతా 16 దవడ పళ్లు లోపల ఉంటాయి. అన్నీ బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి. దవడ పళ్ల అరుగుదల సమంగా కాక దాదాపు 30 డిగ్రీల వాలులో ఉంటుంది. అందుకే నమలడం తగ్గితే కింది దవడ పళ్లు లోపలికి వంగి నాలుక మీద వంతెన కట్టేస్తాయి, పైవి బుగ్గను కోస్తాయి. ముందు పళ్లు పొడవుగా కనిపిస్తే చాలాసార్లు అసలు లోపం వెనక ఉంటుంది. గోళ్ల కత్తెరతో ముందు పళ్లు కత్తిరించే సలహా ఎవరిచ్చినా వినవద్దు. పన్ను నిలువునా చీలుతుంది, వెనక పళ్ల బాధ అలాగే ఉంటుంది. దవడ పళ్లను మత్తు ఇచ్చి డాక్టరు అరగదీయాలి. తల ఎక్స్‌రే తీస్తే పళ్ల వేళ్లు దవడలోకి ఎంత దిగాయో తెలుస్తుంది.

గడ్డి గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే పళ్లను అరగదీసేదీ పేగును కదిలించేదీ అదే. పుస్తకాల్లో తిమోతి గడ్డి అని ఉంటుంది. పార్శిల్ తెప్పించుకోగలిగితే మంచిదే. మా ఇంట్లో మాత్రం ప్రధానం గరికే. తొట్లలో పెంచుతాను, మహేంద్రతనయ నది ఒడ్డున పశువులు తిరగని చోట కోసుకొస్తాను కూడా. పొలం గట్ల మీద గరిక ఎంత పచ్చగా ఉన్నా పురుగుమందు భయంతో ముట్టుకోను. వినాయక చవితికి బజారులో కట్టలుగా అమ్మేది ఎక్కడ కోశారో తెలియదు కనుక అదీ తేను. కోసిన గరికను కడిగి నీడలో, గాలి తగిలే చోట పల్చగా పరిచి, రంగు పోకుండా పెళపెళలాడేదాకా ఆరబెట్టాలి. వానాకాలంలో సంచిలో వేసిన గడ్డికి బూజు వాసన తగిలితే మొత్తం పారేయండి. బూజు గడ్డి పొట్ట జబ్బు తెస్తుంది. వరిగడ్డి ఈ జిల్లాలో కావలసినంత దొరుకుతుంది గానీ అందులో సారం తక్కువ, గట్టి కొసలు కళ్లకు గుచ్చుకుంటాయి. లూసర్న్ అనే పశుగ్రాసంలో కాల్షియం ఎక్కువ, పెద్దవాటికి మూత్రంలో రాళ్లు తెస్తుంది. క్యాబేజీ, కాలీఫ్లవర్ గ్యాస్ పట్టిస్తాయి. ఉల్లి, వెల్లుల్లి, బంగాళదుంప అసలే వద్దు. అన్నం, రొట్టె, బిస్కెట్ ప్రేమ కొద్దీ పెట్టేవారు ఇంటికి వస్తే ముందే చెప్పండి.

మనలాగే దీని ఒంట్లో కూడా విటమిన్ సి తయారు కాదు. అది తగ్గితే కీళ్లు నొప్పి పుడతాయి, పళ్లను పట్టి ఉంచే కణజాలం వదులవుతుంది. కిలో బరువుకు రోజుకు 10 నుంచి 30 మిల్లీగ్రాములు కావాలి, జబ్బులో డాక్టర్లు 50 దాకా ఇస్తారు. కుందేళ్ల దాణా పేరుతో దొరికే గుళికల్లో సాధారణంగా ఇది కలపరు. కలిపిన గుళికల్లోనూ మన ఉక్కకు, వేడికి త్వరగా తరిగిపోతుంది కనుక చిన్న సంచి కొని త్వరగా వాడేయాలి. నీళ్లలో విటమిన్ చుక్కలు కలపడం నమ్మదగింది కాదు, సారం తగ్గిపోతుంది. క్యాప్సికం ముక్క, కొత్తిమీర, చిన్న జామ ముక్క మేలు. ఉసిరి చాలా బలమైనదే, అయితే నోట్లో పుండు ఉన్న రోజుల్లో ఆ పులుపు మండుతుంది.

తిననప్పుడు చేత్తో తినిపించడమే దాని ప్రాణం నిలబెడుతుంది. పొట్ట ఉబ్బి గట్టిగా ఉంటే మాత్రం డాక్టరును అడగకుండా ఏమీ పెట్టవద్దు. ఉబ్బు లేకపోతే గినీ పిగ్ గుళికలను, ఎండు గరికను మిక్సీలో మెత్తని పొడి చేసి, గోరువెచ్చని నీళ్లతో చిక్కటి రాగి అంబలిలా కలపండి. కిలో బరువుకు రోజు మొత్తం మీద 50 నుంచి 80 మిల్లీలీటర్లు, మూడు నాలుగు గంటలకోసారి, రాత్రి కూడా. జీవిని తువ్వాలులో చుట్టి, కాళ్లు కింద ఆనేలా ఒళ్లో కూర్చోబెట్టుకోండి. వెల్లకిలా పడుకోబెట్టవద్దు, ముద్ద ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సూది లేని ఒక మిల్లీలీటరు సిరంజిని ముందు పళ్లకూ దవడ పళ్లకూ మధ్య ఉన్న ఖాళీలోకి పక్క నుంచి పెట్టి, అర మిల్లీలీటరు వదిలి ఆగండి. దవడ ఆడుతుంది, గొంతు కదులుతుంది, అప్పుడు ఇంకొంచెం. జీడి మొదట తల తిప్పుకుంటుంది. కొంతసేపటికి తనే సిరంజి మొనను పట్టుకుని లాగుతుంది. అలా లాగిన రోజు నాకు ధైర్యం వస్తుంది.

ఇప్పుడు నా దుకాణం బల్ల మీద నుంచి ఒక మాట. పిల్లలకు వాడగా మిగిలిన అమాక్సిసిలిన్ సిరప్ గినీ పిగ్‌కు పోయవద్దు. పెన్సిలిన్, ఆంపిసిలిన్, క్లిండామైసిన్, ఎరిత్రోమైసిన్ కూడా అంతే. దాని పొట్టలోని పదార్థంలో సగానికి పైగా అంధనాళంలోనే (పెద్దపేగు మొదట్లో సంచిలా ఉండే భాగం) ఉంటుంది, గడ్డిని జీర్ణం చేసే సూక్ష్మజీవుల కాపురం అక్కడే. ఈ మందులు మంచివాటిని చంపేస్తే క్లాస్ట్రిడియం అనే చెడ్డ బాక్టీరియా విజృంభించి విషం పుట్టిస్తుంది. మేకలకూ ఆవులకూ పెన్సిలిన్ ఇంజెక్షన్ మామూలు కనుక పశువైద్యశాలలో ఈ విషయం మర్యాదగా మీరే ఎత్తండి. నేను ఒడియాలో చెబుతాను, ఏ డాక్టరూ తప్పుపట్టలేదు. ఎన్రోఫ్లాక్సాసిన్, ట్రైమెథోప్రిమ్-సల్ఫా దీనికి తరచుగా వాడే యాంటీబయాటిక్‌లు. నొప్పికి మెలోక్సికామ్. మోతాదు బరువును బట్టి డాక్టరే రాయాలి. విరేచనాలు ఆపే మన బిళ్లలు, పారాసెటమాల్ సొంతంగా వేయకండి.

మన పశువైద్యశాలలో చర్మం కింద సెలైన్, నొప్పి మందు దొరికితే ప్రయాణానికి సరిపడా ఓపిక వస్తుంది. దవడ పళ్ల పనికి మాత్రం మేము విశాఖ వెళ్తాం. గుణుపూర్ నుంచి విశాఖ వెళ్లే రైలు మా ఊరి మీదుగానే పోతుంది. బయలుదేరే ముందు ఫోనులో అడగండి: గినీ పిగ్‌లకు దవడ పళ్లు అరగదీసిన అనుభవం ఉందా, గ్యాస్ మత్తు ఇస్తారా, తల ఎక్స్‌రే అక్కడే తీస్తారా. రాత్రి నుంచి పస్తు ఉంచమంటే కారణం అడగండి. ఇది వాంతి చేసుకోలేదు కనుక కుక్కలాగా పొట్ట ఖాళీ చేయించనక్కరలేదు. పస్తు పేగునే ఆపేస్తుంది. బుట్టలో గరిక, దాహానికి దోసకాయ ముక్కలు పెట్టండి, బరువు పుస్తకం మరిచిపోకండి. అందులోని అంకెలు డాక్టరుకు మన వివరణ కన్నా ఎక్కువ చెబుతాయి.

మే నెల ఎండకు, కరెంటు పోయిన మధ్యాహ్నాలకు వేరే జాగ్రత్త కావాలి. 27, 28 డిగ్రీలు దాటితేనే దీనికి కష్టం, మేత తగ్గుతుంది, పాత జబ్బు లేస్తుంది. నేల చల్లగా ఉండే గదిలోకి మార్చి, గడ్డకట్టించిన నీళ్ల సీసాను గుడ్డలో చుట్టి పక్కన పెట్టండి, కిటికీకి తడి గోనెపట్టా కట్టండి. ప్రయాణం తప్పకపోతే తెల్లవారకముందే బయలుదేరండి.

పళ్లు అరగదీయించి తెచ్చిన రోజే గడ్డి మీద పడుతుందని ఆశించవద్దు. చాలాకాలం సరిగా నమలని దవడ కండరాలు నీరసించి ఉంటాయి. కొన్ని రోజులు సిరంజి, నొప్పి మందు కొనసాగించండి. గరికను గోరంత ముక్కలుగా కత్తిరించి చేతితో అందించండి. తనంతట తాను తింటూ వరుసగా వారం రోజులు బరువు నిలిచాక సిరంజి పూటలు ఒక్కొక్కటిగా తగ్గించండి. తరువాత బరువు మళ్లీ ఎన్ని వారాలకు జారిందో పుస్తకంలో చూసి, దానికి ఒక వారం ముందే తరువాతి పరీక్షకు డాక్టరును తేదీ అడగండి.