సంక్రాంతికి ఊరెళ్లే ముందు హెడ్‌లైట్ల సంగతి చూసుకోండి

జనవరి రెండో వారం వచ్చిందంటే హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి కార్లతో నిండిపోతుంది. పంతంగి టోల్‌గేటు దగ్గర రద్దీకి భయపడి చాలామంది రాత్రి పదింటికో, తెల్లవారుజామున మూడింటికో బయల్దేరతారు. చీకటికి మంచు తోడవుతుంది. హైవే దిగి ఊరి రోడ్డెక్కాక వెనక లైటు లేని ట్రాక్టరు ట్రాలీలు ఎదురవుతాయి. అందుకే డిసెంబరు చివరికి మా బంధువుల్లో ఎవరో ఒకరు ఫోన్ చేసి, "లైట్లు చాలట్లేదు, ఎల్‌ఈడీ వేయించమంటావా?" అని అడుగుతారు.

వద్దనే చెబుతాను. ఎందుకో నాకు బాగా తెలుసు. కొన్నేళ్ల క్రితం పండక్కి ముందు నేనూ ఒక యాక్సెసరీస్ షాపులో పాత బల్బులు తీయించి తెల్లటి ఎల్‌ఈడీ బల్బులు పెట్టించుకున్నాను. షాపు ముందు గోడ మీద వెలుగు చూసి సంబరపడ్డాను. ఊరి దగ్గర సింగిల్ రోడ్డు మీద ఎదురుగా వస్తున్న బైకు ఉన్నట్టుండి మట్టిలోకి దిగి, పంటకాలువ గట్టు మీద ఒరిగిపోయింది. కారు ఆపి పరిగెత్తాను. అదృష్టం కొద్దీ మోచెయ్యి గీసుకుపోవడంతో సరిపోయింది. "ఏం లైట్లండీ అవి! రోడ్డు సంగతి దేవుడెరుగు, హ్యాండిల్ మీద నా చేతులే నాకు కనపళ్లేదు" అన్నాడాయన. అప్పుడు నా కారులో వెలుగుతున్నవి దూరానికి కొట్టే హైబీమ్ కాదు, దగ్గరి రోడ్డు మీదికి కిందుగా పడే లోబీమ్ లైట్లే.

తప్పు ఎక్కడ జరిగిందో తర్వాత అర్థమైంది. చాలా చిన్న కార్లలో ఉండే హెచ్4 రకం బల్బులో రెండు ఫిలమెంట్లు, అంటే వెలిగే సన్నటి తీగలు, ఉంటాయి. లోబీమ్ ఫిలమెంటు కింద గరిటెలాంటి చిన్న రేకు ఉంటుంది. లైటు లోపల వెలుగును ముందుకు తిప్పే అద్దం, ఆ ఫిలమెంటు, ఆ రేకు, మూడూ మిల్లీమీటర్ల లెక్కన కుదిరితేనే వెలుగు ఒక గీత దగ్గర ఆగి, ఎదుటివాడి కంటికి కిందుగా రోడ్డు మీద పడుతుంది. ఎల్‌ఈడీ చిప్పు ఆకారం వేరు, అది కూర్చునే చోటు వేరు. అద్దం మాత్రం పాత ఫిలమెంటు కోసమే తయారైంది. దాంతో వెలుగు చెదిరి పైకీ పక్కలకీ పోతుంది. డ్రైవరుకు ముందున్న పది మీటర్లూ పట్టపగల్లా ఉంటాయి గానీ, దూరాన నిలబడ్డ గేదె కనిపించదు.

చట్టం ఏమంటుందో కూడా తెలుసుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీ కంపెనీ నిర్దేశించిన వివరాలకు భిన్నంగా ఉండేలా యజమాని బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో 182ఎ సెక్షన్ చేరింది. అనుమతి లేకుండా విడిభాగాలు బిగించి బండిని మార్చిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. బంపరు మీదో, టాప్ మీదో పెట్టించుకునే స్పాట్‌లైట్ల సంగతి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 111వది చూస్తుంది. ప్రత్యేక పరిస్థితుల్లో, రిజిస్టరింగ్ అధికారి ముందస్తు అనుమతి ఉంటే తప్ప అవి ఉండకూడదు. షాపులో బహిరంగంగా అమ్ముతున్నారు కదా అంటే చలానా ఆగదు.

నాకు అన్నిటికన్నా నచ్చింది 106వ నిబంధన. ముందు లైటు వెలుగు శాశ్వతంగా కిందికి వంగి గానీ, డ్రైవరు కిందికి దించగలిగేలా గానీ ఉండాలి. అలా దించిన లైటుకు 8 మీటర్ల ముందు, ఆ లైటు కుడి అంచు నుంచి అర మీటరు పక్కగా, నేల నుంచి మీటరున్నర ఎత్తులో ఉన్న కంటికి మిరుమిట్లు రాకూడదు. ఆ ఎత్తు దాదాపు ఎదురొచ్చే బైకు మనిషి కన్ను ఉండే ఎత్తే. టేపు తెచ్చి కొలుచుకుని, రాత్రిపూట ఇంటి ముందు లోబీమ్ వేసి, ఆ చోట మీరే కాస్త వంగి నిలబడి చూడండి. కళ్లు బైర్లు కమ్మితే ఆ లైట్లతో రోడ్డెక్కొద్దు.

మరి వెలుగు పెంచుకునే దారే లేదా అంటే, ఉంది. ఐదారేళ్లు తిరిగిన చాలా కార్లలో కంపెనీ ఇచ్చిన వెలుగే పూర్తిగా రోడ్డు మీదికి రాదు. ముందు దాన్ని రాబట్టాలి.

మొదట పైన ఉండే ప్లాస్టిక్ అద్దం చూడండి. ఎండకు పసుపెక్కి, మసకబారి ఉంటే లోపల ఏ బల్బు వేసినా దండగే. నీళ్లు తగిలిస్తూ 800, 1500, 2000 నంబర్ల గరుకు కాగితాలతో వరసగా రుద్ది, పాలిష్ పెట్టి, పైన ఎండ నుంచి కాపాడే యూవీ కోటింగ్ వేయాలి. ఆ కోటింగ్ వేయకపోతే కొన్నాళ్లకే మళ్లీ పసుపెక్కుతుంది. టూత్‌పేస్టుతో రుద్దితే వచ్చే మెరుపు ఎన్నో రోజులు నిలవదు.

తర్వాత కరెంటు. ఇది చాలామంది పట్టించుకోరు. హెచ్4 లాంటి ఫిలమెంటు ఉండే హాలోజన్ బల్బుకు వోల్టేజీ 10 శాతం తగ్గితే వెలుగు దాదాపు 30 శాతం పడిపోతుంది. ఇంజిన్ ఆన్‌లో ఉంచి, లైట్లు వేసి, వోల్టేజీ కొలిచే మల్టీమీటరుతో బ్యాటరీ దగ్గర ఒకసారి, బల్బు హోల్డరు దగ్గర ఒకసారి చూడమని ఎలక్ట్రీషియన్‌ను అడగండి. బ్యాటరీ దగ్గర 14 వోల్టులు ఉండి హోల్డరు దగ్గర 12.6 వస్తుంటే, మీ వెలుగులో దాదాపు మూడో వంతు దారిలోనే పోతున్నట్టు. ఎర్త్ వైరు తుప్పు పట్టిందేమో చూసి శుభ్రం చేయించండి. అప్పటికీ తేడా తగ్గకపోతే రిలే కిట్ వేయించవచ్చు. రిలే అంటే కొద్ది కరెంటుతో ఎక్కువ కరెంటును ఆన్ చేసే స్విచ్చి. అది బ్యాటరీ నుంచి ఫ్యూజు ద్వారా నేరుగా బల్బుకు కరెంటు తెస్తుంది, పాత స్విచ్చి రిలేను ఆన్ చేయడానికి మాత్రమే పనిచేస్తుంది. కిట్ కారు కప్లర్‌లోకి, అంటే వైర్లు కలిసే ప్లగ్గులోకి, నేరుగా ఎక్కాలి. ఒక్క వైరు కూడా కోయనివ్వకండి. కారు వారంటీలో ఉంటే సర్వీస్ సెంటర్‌ను అడగకుండా అసలు ముట్టుకోవద్దు. కోసిన వైరు వల్ల మంటలు లేస్తే ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర కూడా పేచీ వస్తుంది.

బల్బు మారిస్తే హెచ్4కు 60/55 వాట్లదే (హైబీమ్‌కు 60, లోబీమ్‌కు 55) వేయండి. అదే రకం, అదే వాట్లు అయితే అది మార్పు కిందికి రాదు, పాతది పోతే కొత్తది వేసుకోవడమే. రెండు వైపులా ఒకేసారి మార్చండి. గాజును వట్టి చేత్తో పట్టుకోకండి. వేలి జిడ్డు అంటిన చోట వేడెక్కి బల్బు త్వరగా పోతుంది. నీలం పూత పూసిన "వైట్" హాలోజన్ల జోలికి వెళ్లకండి. ఆ పూత కొంత వెలుగును తినేస్తుంది, వాన రోడ్డు మీద మరీ ఇబ్బంది.

100/90 వాట్ల బల్బుల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మా బాబాయి కారులో అవి వేయించారు. ఒకరోజు ప్లాస్టిక్ కాలిన వాసన వస్తోందంటే బోనెట్ ఎత్తి చూశాం. రబ్బరు కవరు తీయగానే వెనక తెల్లటి హోల్డరు గోధుమ రంగుకు తిరిగి, ఒక పక్క బెల్లం పాకంలా కారి గట్టిపడి ఉంది. వైరు మీద పట్టుకుంటే పైపొర పెచ్చులుగా ఊడొచ్చింది. హైబీమ్‌లో 60 వాట్ల బల్బులు రెండూ కలిసి పది ఆంపియర్లు లాగితే, ఇవి దాదాపు పదిహేడు లాగుతాయి. కంపెనీ వైరు అంత బరువు మోయడానికి వేసింది కాదు. రిలే కిట్ వేస్తే వైరింగ్ తట్టుకోవచ్చు గానీ ఎదుటివాడి కళ్లు తట్టుకోలేవు.

ఓవెన్‌లో వేడి చేసి, లైటు విప్పి లోపల వెలుగును లెన్సు గుండా పంపే ప్రొజెక్టరు బిగించడం కూడా చట్టం దృష్టిలో మార్పే. అతుకు సరిగా పడకపోతే మొదటి వానకే లోపల నీళ్లు చేరతాయి. విదేశాల నుంచి తెప్పించే సెకండ్‌హ్యాండ్ లైట్లతో ఇంకో ప్రమాదం ఉంది. మనం ఎడమవైపు నడుస్తాం కాబట్టి మన లోబీమ్ ఎడమ పక్కకు కాస్త పైకి లేస్తుంది. కుడివైపు నడిచే దేశాల లైట్లు కుడికి లేస్తాయి, అంటే సూటిగా ఎదురొచ్చేవారి ముఖంలోకి. ఏ బల్బు కోసం చేసిన లైటో తెలియాలంటే దాని అంచున ఉన్న అక్షరాలు చూడండి. హెచ్‌సీఆర్ అని ఉంటే అది హాలోజన్ బల్బు కోసం చేసిన లైటు. మొత్తం లైటే మార్చాలనుకుంటే మీ మోడల్‌కు, మీ వేరియంట్‌కు సరిపోతుందని సర్వీస్ సెంటర్ చేత రాయించుకుని, బిల్లుతో వేయించుకోండి. సందేహం ఉంటే ముందే ఆర్టీవో ఆఫీసులో అడగండి.

ఇవన్నీ అయ్యాక లైట్ల మట్టం సరిచూడాలి. పైసా ఖర్చు లేని పని, ప్రయాణంలో అన్నిటికన్నా అక్కరకొచ్చేదీ ఇదే. టైర్లలో గాలి సరిగా పట్టించి, చదునైన చోట కారును గోడకు దగ్గరగా ఆపండి. లైటు నడిమధ్య ఎంత ఎత్తులో ఉందో గోడ మీద సుద్దముక్కతో గీయండి. కారును 25 అడుగులు తిన్నగా వెనక్కి తీయండి. డ్రైవరు సీట్లో ఒకరు కూర్చోవాలి. లోబీమ్ వేస్తే వెలుగు పై అంచు ఆ గీతకు సుమారు మూడు అంగుళాలు కిందుగా పడాలి. పైకి పోతుంటే లైటు వెనకున్న స్క్రూ కొద్దికొద్దిగా తిప్పి దించండి. కారు మాన్యువల్‌లో వేరే కొలత ఉంటే దాన్నే పాటించండి.

డ్యాష్‌బోర్డు మీద 0 నుంచి 3 వరకు అంకెలున్న చిన్న చక్రం ఉంటే, ఈ పరీక్షప్పుడు అది సున్నా మీద ఉండాలి. పండగ ప్రయాణంలో దానితో అసలు పని పడుతుంది. వెనక ముగ్గురు కూర్చుని, డిక్కీలో బియ్యం బస్తా, అరిసెల డబ్బాలు సర్దేసరికి కారు వెనక కుంగి ముక్కు పైకి లేస్తుంది. సరిగ్గా ఉన్న లైట్లు కూడా అప్పుడు ఎదుటివాడి కంట్లో కొడతాయి. బరువును బట్టి ఆ చక్రాన్ని 2కో 3కో తిప్పండి. ఊళ్లో సామాను దించాక మళ్లీ సున్నాకు తేవడం మరిచిపోకండి.

మంచులో హైబీమ్ వేస్తే తెల్లటి తెర కట్టినట్టు వెలుగు మన మీదికే తిరిగొస్తుంది. లోబీమ్, ఉంటే ఫాగ్ ల్యాంపులు చాలు, స్పీడు తగ్గించండి. ఎదురుగా బండి కనిపించగానే డిప్ చేయండి, అంటే లోబీమ్‌కు మార్చండి. అవతలివాడు చేయలేదని మీరు హైబీమ్ కొడితే గుడ్డిగా నడిపేవాళ్లు ఇద్దరవుతారు.

డ్యాష్‌బోర్డు డబ్బాలో ఒక స్పేరు బల్బు, ఒక తడిగుడ్డ పెట్టుకోండి. రాత్రి ప్రయాణంలో సూర్యాపేట చేరేసరికే లైట్ల మీద దుమ్ము, పురుగులు అట్టకట్టి ఉంటాయి. టీకి ఆగినప్పుడు ముందు లైట్లు ఆ గుడ్డతో తుడిచి, తర్వాత గ్లాసు అందుకోండి.