మిక్సీలో మామిడి ఫ్రోజెన్ కాక్‌టెయిల్: నీళ్లు కాకుండా చేసే పద్ధతి

వరంగల్‌లో మే నెల ఎండ 43, 44 డిగ్రీలు కొడుతుంటే ఇంట్లో ఫ్రోజెన్ కాక్‌టెయిల్ నిలబెట్టడం కొంచెం కష్టమే. రమ్ము, పండు, ట్రేలో ఉన్న ఐసు అంతా కలిపి మిక్సీ తిప్పుతారు. గ్లాసుల్లో పోసి పల్లీల ప్లేటు తెచ్చేలోపే అది పల్చటి జ్యూసు అయిపోతుంది. మళ్లీ ఐసు వేస్తే చిక్కబడుతుంది గానీ రుచి చస్తుంది. ఐసు తగ్గించి, పండునే గడ్డ కట్టించుకుంటే ఈ తిప్పలు ఉండవు.

నలుగురికి లెక్క ఇది: వైట్ రమ్ము ఒక క్వార్టర్, అంటే 180 మి.లీ. బంగినపల్లి ముక్కలు 400 గ్రాములు. నిమ్మరసం 60 మి.లీ., మామూలు సైజు కాయలు నాలుగైదు పిండితే వస్తుంది. చక్కెర నీళ్లు 60 మి.లీ. ఐసు 100 గ్రాములు. రమ్ము బదులు వోడ్కా అయినా పర్వాలేదు. విస్కీ మాత్రం మామిడికి అస్సలు కుదరదు.

చక్కెర, నీళ్లు సమానంగా తీసుకుని కరిగేదాకా వేడి చేస్తే చాలు, తీగపాకం దాకా పోవద్దు. చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. మామిడిని అంగుళం ముక్కలుగా కోసి, స్టీలు పళ్లెంలో ఒకదానికొకటి తగలకుండా పరిచి, రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచాలి. గిన్నెలో కుప్పగా పోస్తే తెల్లారేసరికి అంతా ఒకే ముద్ద, దాన్ని ఏ బ్లేడూ కోయదు. రసాలే ఉంటే గుజ్జు జల్లెడ పట్టి పీచు తీసి, ఐసు ట్రేలో పోసి గడ్డ కట్టించండి. రమ్ము సీసాను, గ్లాసులను కూడా ఫ్రీజర్‌లో పెట్టేయండి. రమ్ము అందులో గడ్డ కట్టదు. మిక్సీ జార్‌ను అరగంట ముందు ఫ్రిజ్‌లో పెడితే చాలు.

ఐసు ఇంట్లో తాగేనీళ్లతో చేసిందే వాడండి. చెరుకు రసం బండ్ల దగ్గర దొరికే దిమ్మ ఐసు ఏ నీళ్లతో చేశారో తెలియదు, అది సీసాలు చల్లబరచడానికే పనికొస్తుంది.

తిప్పేటప్పుడు పెద్ద జార్ తీసుకోండి. ముందు రమ్ము, నిమ్మరసం, చక్కెర నీళ్లు పోయాలి, తర్వాత పండు, పైన ఐసు. ఐసును బట్టలో చుట్టి చపాతీ కర్రతో నలగ్గొట్టాకే వేయండి. మొదట పల్స్‌లో నాలుగైదు సార్లు, ఆ తర్వాత ఇరవై సెకన్లు. అంతకు మించితే బ్లేడు రాపిడికే వేడెక్కి కరగడం మొదలవుతుంది. శబ్దం మారి బ్లేడు ఉత్తినే తిరుగుతుంటే లోపల గాలి బుడగ పట్టిందని అర్థం. ఆపి, స్పూన్‌తో కలిపి, రెండు స్పూన్ల చల్లటి నీళ్లు పోసి మళ్లీ తిప్పండి. మోటారు మీద భారం పడి మిక్సీ ఆగిపోతే ప్లగ్ తీసి, కొన్ని నిమిషాలు చల్లారనిచ్చి, అడుగున ఉండే చిన్న బటన్ నొక్కితే మళ్లీ నడుస్తుంది. సోడా, స్ప్రైట్ లాంటివి జార్‌లో పోయొద్దు, గ్యాసుకు మూత ఎగిరిపోతుంది.

ఈ కొలతల వెనక లెక్క ఉంది. మన సీసా మీద 42.8 శాతం అని ఉంటుంది. ఒక క్వార్టర్ సుమారు 800 మి.లీ. మిశ్రమంలో కలిస్తే మొత్తంలో ఆల్కహాల్ తొమ్మిదిన్నర శాతం దాకా వస్తుంది. ఆ మోతాదులో మెత్తటి మంచు పలుకులు నిలుస్తాయి. ‘ఇంకో పెగ్గు పొయ్యి’ అనే మిత్రుడు ప్రతి ఇంట్లో ఉంటాడు, వాడి మాట వింటే స్లష్, అంటే ఆ మెత్తటి మంచు, కట్టదు. చక్కెరదీ అదే పని, ఎక్కువైతే గడ్డ కట్టనివ్వదు, మరీ తగ్గితే పలుకులు గరుకుగా వస్తాయి. పైగా చల్లదనానికి నాలుక మొద్దుబారి తీపి తక్కువ తెలుస్తుంది. అందుకే తిప్పేముందు గుజ్జూ ద్రవాలూ కలిపి రుచి చూస్తే కాస్త తీపి ఎక్కువే అనిపించాలి.

పుచ్చకాయతో అయితే ఐసు అక్కర్లేదు, అందులో ఉన్నదంతా నీళ్లే. గింజలు తీసిన ముక్కలు 500 గ్రాములు గడ్డ కట్టించి, అదే క్వార్టర్ వోడ్కాకు నిమ్మరసం 75, చక్కెర నీళ్లు 90 మి.లీ. వేయండి.

గ్లాసు అంచుకు మన వరంగల్ చపాట మిర్చి కారం బాగుంటుంది. రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. రెండు వంతుల ఉప్పుకు ఒక వంతు కారం కలిపి, అంచుకు నిమ్మచెక్క రుద్ది అద్దండి. తేజ మిర్చి జోలికి మాత్రం వెళ్లొద్దు, పెదాలు మండిపోతాయి.

పిల్లలకు, తాగనివాళ్లకు ముందుగా రమ్ము లేకుండా తిప్పి పక్కకు తీసేయండి. దాన్ని వెంటనే తినాలి, ఆల్కహాల్ లేదు కాబట్టి ఫ్రీజర్‌లో పెడితే రాయి అవుతుంది. తాగేవాళ్లకు కూడా ఒక మాట: చల్లదనం, తీపి కలిసి మందు తెలియనివ్వవు. ఒక్కో గ్లాసులో ఒకటిన్నర చిన్న పెగ్గులు ఉన్నాయి, మధ్యలో మంచినీళ్లు తాగండి, బండి తీయకండి.

పార్టీ ఉంటే ముందురోజు రాత్రే అంతా తిప్పి స్టీలు డబ్బాలో పోసి ఫ్రీజర్‌లో పెట్టేయొచ్చు. వడ్డించే ముందు ఫోర్కుతో గీకి, పల్స్‌లో రెండు సార్లు తిప్పితే చాలు. కరెంటు పోతే డబ్బా ఎలా ఉందో చూద్దామని ఫ్రీజర్ తలుపు తీయకండి. మిగిలింది కూడా అదే డబ్బాలో మూత పెట్టి ఉంచితే రెండు రోజులు బాగుంటుంది, ఆ తర్వాత నిమ్మ వాసన తగ్గిపోతుంది.